అడ్వైజర్ వెళ్లిపోయారన్న సంగతి విద్యార్థికి ఎవరు చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీ నేను రోజూ చదువుతాను. కొత్త వైస్ చాన్సలర్ బాధ్యతలు తీసుకున్నా, ఒక ప్రొఫెసర్‌కు పురస్కారం వచ్చినా, ఒక డీన్ పదవీ విరమణ చేసినా ఫొటోతో సహా వార్త వేస్తారు. వెయ్యాలి కూడా, అందులో తప్పేం లేదు. కానీ యూనివర్సిటీ సిబ్బంది అంటే వాళ్లే కాదు కదా. ఫస్టియర్‌లో చేరినవాళ్లకు ఏ సబ్జెక్టు ఎప్పుడు తీసుకోవాలో చెప్పే అడ్వైజర్, లెక్కల్లో తప్పినవాళ్లను సాయంత్రం కూర్చోబెట్టి చెప్పే ట్యూటర్, ఫీజు కట్టలేక చదువు మానేద్దామనుకుంటున్న అమ్మాయిని పిలిచి స్కాలర్‌షిప్ ఫారం నింపించే ఉద్యోగి, మనసు బాగాలేదని వచ్చినవాళ్లు చెప్పేది ఓపిగ్గా వినే కౌన్సెలర్, వీళ్లు కూడా సిబ్బందే. వీళ్లలో ఎవరు చేరినా, ఎవరు వెళ్లిపోయినా, ఆ పోస్టు నెలల తరబడి ఖాళీగా పడున్నా పేపర్లో ఒక్క ముక్క రాదు. పేపర్ సంగతి అలా ఉంచండి, క్యాంపస్ లోపల ఉన్న విద్యార్థికే తెలియదు.

నేను చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పాను కాబట్టి దీని ఫలితం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. నేను పనిచేసినచోట విద్యార్థి సహాయ విభాగంలో ఒకావిడ ఉండేవారు. ఎవరు ఏ సబ్జెక్టులో వెనకబడ్డారో, ఎవరింట్లో ఏం ఇబ్బంది ఉందో ఆవిడకు తెలిసినట్టు మా అధ్యాపకుల్లో ఒక్కరికి కూడా తెలియదు. కాంట్రాక్టు గడువు అయిపోయింది, పొడిగించలేదు, ఆవిడ వెళ్లిపోయారు. ఆ సంగతి విద్యార్థులకు ఎవరూ చెప్పలేదు. వెబ్‌సైట్‌లో ఆవిడ పేరు, ఆవిడ ఈమెయిలు అలాగే ఉన్నాయి. పిల్లలు దానికే మెయిల్ పెట్టి, జవాబు రాకపోతే తమనెవరూ పట్టించుకోవడం లేదనుకున్నారు. ఒకబ్బాయికి కోర్సు మార్చుకునే గడువు ఆ ఎదురుచూపులోనే దాటిపోయింది, అతను ఆ సెమిస్టర్ మధ్యలోనే చదువు ఆపేశాడు. రికార్డులో అతని పేరు పక్కన 'వ్యక్తిగత కారణాలు' అని రాశారు. అది చూసి నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు, ఎందుకంటే అక్కడ వ్యక్తిగతం ఏదీ లేదు.

సహాయ కార్యక్రమాలు ఉన్నాయా అని అడిగితే ప్రతి యూనివర్సిటీ ఉన్నాయనే అంటుంది. ఓరియంటేషన్ పెడతారు, కరపత్రం ఇస్తారు, మెంటర్ల జాబితా అంటిస్తారు. అసలు అడగాల్సింది వేరు: ఆ పని చేసే మనిషి ఎవరు, ఒక్కో మనిషి కింద ఎంతమంది విద్యార్థులున్నారు, వచ్చే ఏడాది కూడా ఆ మనిషే అక్కడ ఉంటారా?

ఈ మాట గాల్లోంచి తెచ్చి చెప్పడం లేదు. సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ 2007లో తన రెండేళ్ల కాలేజీల్లో అసాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పూర్తికాలం చదవాలి, అడ్వైజర్‌ను తరచుగా కలవాలి, బదులుగా మిగిలిన ఫీజు మాఫీ, పాఠ్యపుస్తకాలు, ప్రయాణానికి పాస్ ఇస్తారు. దీన్ని ఒక పరిశోధన సంస్థ లాటరీ పద్ధతిలో విద్యార్థులను రెండు గుంపులు చేసి పరీక్షించింది. మూడేళ్లలో చదువు పూర్తిచేసినవాళ్లు మామూలు గుంపులో 22 శాతం ఉంటే అసాప్ గుంపులో 40 శాతం ఉన్నారు. విద్యారంగంలో ఇంత పెద్ద తేడా కనిపించడం చాలా అరుదు. ఈ రెండు గుంపుల మధ్య నాకు బాగా కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా పాసులూ పుస్తకాలూ కాదు, అడ్వైజర్ల లెక్క. అసాప్‌లో ఒక్కో అడ్వైజర్‌కు 60 నుంచి 80 మంది విద్యార్థులే ఉన్నారు. అదే కాలేజీల్లో మామూలు విద్యార్థులకైతే ఒక్కో అడ్వైజర్‌కు 600 నుంచి 1500 మంది దాకా ఉన్నారు. 1500 మందిలో ఒకరికి అడ్వైజర్ ఉన్నట్టా, లేనట్టా? పేరు గుర్తుపెట్టుకోవడం కూడా కుదరని పని అది, అందులో అడ్వైజర్ తప్పేమీ లేదు.

ఇదంతా ఖర్చు కదా అంటారు. నిజమే, ఒక్కో విద్యార్థి మీద పెట్టే ఖర్చు పెరిగింది. కానీ డిగ్రీ చేతికొచ్చినవాళ్ల సంఖ్యతో భాగించి చూస్తే ఒక్కో డిగ్రీకి అయిన ఖర్చు తగ్గిందని అదే అధ్యయనంలో తేలింది. తర్వాత అమెరికాలోనే ఒహాయో రాష్ట్రంలోని మూడు కాలేజీల్లో ఇదే పద్ధతి పెడితే అక్కడ కూడా పూర్తిచేసినవాళ్లు దాదాపు రెట్టింపయ్యారు. అంటే అది ఒక నగరానికో, ఒక మంచి డైరెక్టర్‌కో పరిమితమైన సంగతి కాదు. బడ్జెట్ మీటింగుల్లో కూర్చునేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి.

ఈ మధ్య అంతా సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుతున్నారు. హాజరు తగ్గితే, మార్కులు తగ్గితే కంప్యూటరే పట్టేస్తుందట. అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2012లో ఇలాంటిదే మొదలుపెట్టి బాగా పేరు తెచ్చుకుంది. కానీ ఆ కథ చెప్పేవాళ్లలో చాలామంది సగమే చెబుతారు. ఆ హెచ్చరికలు వచ్చినప్పుడు విద్యార్థిని పిలిచి మాట్లాడటానికి ఆ యూనివర్సిటీ 42 మంది అడ్వైజర్లను కొత్తగా తీసుకుంది. అంతకుముందే, కొద్దిపాటి బకాయి వల్ల పేరు కొట్టేసే పరిస్థితిలో ఉన్నవాళ్లకు చిన్న గ్రాంటులిచ్చి నిలబెట్టడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వెలిగితే సరిపోదు, అది చూసి ఫోన్ చేసే మనిషి ఉండాలి. సాఫ్ట్‌వేర్ కొని మనుషులను తగ్గించే యూనివర్సిటీలు ఈ సగం కథ దగ్గరే ఆగిపోతున్నాయి.

ఇంకో సంగతి. సహాయం అనగానే అది మందబుద్ధులకు అనే ముద్ర పడిపోతుంది, అందుకే నిజంగా అవసరమైన పిల్లలు ఆ గది వైపు వెళ్లరు. దీనికి కూడా దారి ఎప్పుడో కనిపెట్టారు. 1973లో మిస్సోరీ యూనివర్సిటీ కాన్సాస్ సిటీ క్యాంపస్‌లో డియాన్నా మార్టిన్ 'సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్' అనే పద్ధతి తెచ్చారు. బలహీన విద్యార్థులను వెతకడం మానేసి, ఎక్కువమంది తప్పుతున్న కోర్సులను గుర్తించారు. ఆ కోర్సు బాగా పాసైన సీనియర్ ఒకరు మళ్లీ క్లాసులో కూర్చుని, తర్వాత అందరికీ కలిపి చదువు సమావేశాలు పెడతారు. కష్టం కోర్సుది అన్నప్పుడు ఎవరైనా వెళ్లొచ్చు, ఎవరికీ నామోషీ ఉండదు. కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీలో లెక్కలు చెప్పే యూరీ ట్రైస్మన్ 1970ల్లో గమనించింది కూడా దీనికి దగ్గర్లోనే ఉంటుంది. క్యాలుక్యులస్‌లో వెనకబడుతున్న నల్లజాతి విద్యార్థులు బద్ధకస్తులు కాదు, బాగానే కష్టపడుతున్నారు, కాకపోతే ఎవరికి వాళ్లు ఒంటరిగా చదువుకుంటున్నారు. ఆయన వాళ్లకు తేలిక పాఠాలు పెట్టలేదు, కష్టమైన లెక్కలిచ్చి నలుగురూ కలిసి చేసే వర్క్‌షాపులు పెట్టాడు. మార్కులు మారిపోయాయి. పిల్లల మీద ఆ మాత్రం గౌరవం ఉంచడం ఎంత ముఖ్యమో క్లాసులో నిలబడినవాళ్లందరికీ తెలుసు.

ఈ పనులన్నిటి వెనక పేరున్న, చిరునామా ఉన్న, జీతం తీసుకునే ఒక ఉద్యోగి ఉన్నారు. అందుకే సిబ్బంది వార్త విద్యార్థికి సంబంధించిన వార్త అంటున్నాను. ఒక అడ్వైజర్ వెళ్లిపోతుంటే వాళ్ల కింద ఉన్న ప్రతి విద్యార్థికీ ముందే తెలియాలి, ఇక మీదట ఎవరిని కలవాలో పేరుతో సహా చెప్పాలి. పాత అడ్వైజర్ దగ్గరున్న వివరాలు, ముఖ్యంగా సగంలో ఉన్న దరఖాస్తులు, కొత్తవాళ్ల చేతికి చేరాలి. పిల్లలు నమ్మి చెప్పుకున్న సొంత విషయాలైతే వాళ్లనడగకుండా ఎవరికీ ఇవ్వకూడదు. కొత్తవాళ్లు ఇంకా రాకపోతే ఇన్‌ఛార్జి ఎవరో చెప్పాలి. ఇదంతా ఒక పూట పని, దీనికి ఏ నిధులూ అక్కర్లేదు.

నిధులు కావాల్సింది పోస్టులకు. విద్యార్థి ఒక మనిషిని నమ్మడానికి ఒక సెమిస్టర్ పడుతుంది, కాంట్రాక్టేమో చాలాచోట్ల ఏడాదికే ఇస్తారు. నమ్మకం కుదిరే సమయానికి ఆ మనిషి వేరే ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటారు, వాళ్లనీ తప్పు పట్టలేం, వాళ్లకూ సంసారాలున్నాయి. ప్రొఫెసర్లకు పదోన్నతులున్నట్టే అడ్వైజర్లకూ ట్యూటర్లకూ ఎదిగే దారి ఉండాలి. పదిహేనేళ్లు ఒకేచోట పిల్లలను కాసుకున్న ఉద్యోగి రిటైరైతే, పరిశోధనకు పురస్కారం అందుకున్నవాళ్లతో సమానంగా యూనివర్సిటీ న్యూస్‌లెటర్‌లో చోటివ్వాలి. వాళ్ల వల్ల డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఊరికొకరు ఉంటారు, అడిగితే సంతోషంగా చెబుతారు.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఈసారి అడ్మిషన్ల సమయంలో సీట్లెన్ని, కటాఫ్ ఎంత అని అడిగినప్పుడు ఇంకో మూడు ప్రశ్నలు కలపండి: ఒక్కో అడ్వైజర్‌కు ఎంతమంది విద్యార్థులు, సహాయ విభాగంలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి, నిరుడు ఫస్టియర్‌లో చేరినవాళ్లలో ఎంతమంది సెకండియర్‌కు వచ్చారు. జవాబులిచ్చిన యూనివర్సిటీల పేర్లు వేయండి, ఇవ్వనివాటి పేర్లు కూడా వేయండి. పిల్లలను ఎక్కడ చేర్చాలా అని ఆలోచించే తల్లిదండ్రులు ర్యాంకుల పట్టికతో పాటు అది కూడా కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు