చెరువుల్లో లోతు తక్కువ నీటి అంచును మిగల్చండి: జలవనరుల శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గుంటూరు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జలవనరుల శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

పక్షుల సంగతి అటవీ శాఖకు కదా రాయవలసినది అని తమకు అనిపించవచ్చు. కానీ శీతకాలంలో మా ప్రాంతానికి వచ్చే సూదితోక బాతులకు ఒక చెరువులో మేత దొరుకుతుందా లేదా అన్నది తమ ఇంజనీర్లు వేసే పూడికతీత అంచనాల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది కనుక ఈ లేఖను తమకే రాస్తున్నాను.

సైబీరియా వంటి ఉత్తరాది చిత్తడి నేలల్లో సంతానాన్ని కనే ఈ బాతు చలి ముదరకముందే దక్షిణానికి బయలుదేరి కొల్లేరు దాకా, కృష్ణా డెల్టా దాకా వస్తుంది. పోతుకు ముదురు గోధుమరంగు తల, మెడ పక్కగా పైకి పాకిన తెల్లని చార, సన్నగా సాగిన తోక ఉంటాయి. పెట్ట మచ్చల గోధుమరంగులో నేలలో కలిసిపోయేలా ఉంటుంది. గడ్డి నడుమ నేలమీద గూడు కట్టుకుని, సాధారణంగా 7 నుంచి 9 గుడ్లను 22 నుంచి 24 రోజులపాటు ఒంటరిగా పొదగవలసినది అదే కాబట్టి ఆ రంగే దానికి రక్ష. ఆ తర్వాత రెక్కల ఈకలన్నీ ఒక్కసారిగా రాలిపోయి, కొత్తవి వచ్చేవరకు కొన్ని వారాలు ఎగరలేని ఈ పక్షే మళ్లీ కొన్ని వేల కిలోమీటర్లు ప్రయాణించి మన గడ్డ మీద వాలుతుందంటే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

అసలు విషయం దాని మేతలో ఉంది. సూదితోక బాతు మేతకోసం నీటిలో పూర్తిగా మునగదు. తోక పైకెత్తి, తల కిందికి దించి, మెడ అందినంత మేర అడుగు బురదలోని గింజలను, తుంగ దుంపలను, పురుగులను, నత్తలను ఏరుకుంటుంది. ఆ అందుబాటు సుమారు 30 సెంటీమీటర్లు మాత్రమే. మెడ పొట్టిగా ఉండే గార్గనీ బాతులకు ఇంకా తక్కువ. అందుచేత కట్ట నుంచి కట్ట దాకా పొక్లెయిన్‌తో ఒకే లోతుకు తవ్వి, చుట్టూ నిలువుగా రాతికట్టు కట్టిన చెరువు ఎంత నిండుగా కళకళలాడినా ఈ బాతులకు వడ్డించని విస్తరే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట నుంచి వీటిని కాపాడుతోంది. కొల్లేరుకు 1999 నుంచి అభయారణ్య హోదా, 2002 నుంచి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలలకు ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు ఉన్నాయి. అయితే 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు సాగునీటికీ తాగునీటికీ మనుషులు తవ్వుకున్న చెరువులను తమ పరిధి నుంచి మినహాయించాయి. కాబట్టి మా ఊరి చెరువుల విషయంలో తమ శాఖ మాటే చివరి మాట.

పూడిక తీయవద్దని నేను అనడం లేదు; ఆయకట్టు రైతుకు నీరు నిలవాలి. తూము వైపు, కట్ట దాపున కావలసినంత లోతు తీయించండి. కట్టకు ఎదురుగా, వాగు నీరు వచ్చి చేరే మెరక వైపు మాత్రం సహజమైన వాలును, దాని తుంగతో సహా, కదపకుండా వదలమని అంచనాల్లోనే రాయించండి. ఆ వైపు ఎలాగూ నిల్వ ఉండేది కొద్ది నీరే. ఈ బాతులు పగలు గుంపుగా విశ్రమించి, ఎక్కువగా మునిమాపు నుంచి రాత్రివేళ మేతకు కదులుతాయి కనుక ఆ అంచున నడకదారి దీపాలు పెట్టవద్దని కూడా మనవి.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. ఈసారి గుంటూరు, విజయవాడ పరిసర చెరువుల అంచనాలు తయారుచేసే ఇంజనీర్లను ఆ గణన బృందాలతో పంపించి, బాతులు మేసే చోట్లను పటాల మీద గుర్తింపజేసి, ఆ తర్వాతే వేసవి పనులకు అనుమతి ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
గుంటూరు పౌరుడు