ఫ్లూ టీకా వేయించాలా? ముందు ఇంట్లో ఎవరెవరున్నారో చూడండి

తల్లిదండ్రులందరికీ నమస్తే.

పోయిన వారం గేటు దగ్గర ఒకమ్మ నన్ను ఆపి, "మేడమ్, ఫ్లూ టీకా వేయించమంటారా, వద్దంటారా? ఒక్క ముక్కలో చెప్పండి" అన్నారు. చెప్పలేకపోయాను, ఈలోపు బెల్ కూడా కొట్టేశారు. ఈ నెలలో ఇంకో నలుగురైదుగురు ఇదే అడిగారు కాబట్టి స్పోర్ట్స్ డే కబుర్లు వచ్చే నెలకి వాయిదా వేసి ఇది రాస్తున్నాను. ముందే చెబుతున్నా, స్కూలు దీన్ని తప్పనిసరి చేయడం లేదు, సర్టిఫికెట్ ఎవరూ అడగరు. నేను డాక్టర్ని కూడా కాదు.

మొదట నా నిర్వాకం చెప్పాలి. రెండేళ్ల కిందట "నాకేంటి, గుండ్రాయిలా ఉన్నాను" అనుకుని టీకా మానేశాను. ఒక సోమవారం ఒళ్లు వెచ్చగా అనిపించినా మాత్ర వేసుకుని బడికి వచ్చేశాను, ఆరో తరగతికి రెండు పీరియడ్లు పాఠం చెప్పాను, స్టాఫ్ రూములో అందరితో ఒకే బల్ల దగ్గర కూర్చుని పేపర్లు దిద్దాను. గురువారానికి ఆ క్లాసులో మూడు బెంచీలు ఖాళీ, స్టాఫ్ రూములో ఇద్దరు సెలవు. అంతా నా వల్లే అనడానికి రుజువు లేదు గానీ, ఫ్లూ మనకు తెలియడానికి ఒక రోజు ముందు నుంచే అవతలివాళ్లకు అంటుకుంటుందని, అంటిన రెండు రోజులకు అటూఇటూగా బయటపడుతుందని తర్వాత తెలిసి నోరు మూసుకున్నాను. నేను నాలుగు రోజుల్లో లేచి తిరిగాను. ఆస్తమా ఉన్న మా అత్తగారు మాత్రం పది రోజులు మంచం దిగలేదు.

అందుకే "మావాడు గట్టివాడే కదా" అన్న దగ్గర ఆలోచన ఆపేయకండి. ఇంట్లో 65 దాటిన పెద్దవాళ్లున్నారా, గర్భిణి ఉన్నారా, ఐదేళ్లలోపు పిల్లలున్నారా, షుగర్, గుండె జబ్బు, కిడ్నీ సమస్య, ఆస్తమా ఎవరికైనా ఉన్నాయా చూడండి. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు ఈ టీకా వేయరు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు వేయించుకుంటే బిడ్డకు పుట్టిన కొత్తలో కొంత రక్షణ ఉంటుంది, ఆపైన చుట్టూ ఉన్న మనమే ఆ బిడ్డకు అడ్డుగోడ.

"పోయినేడు వేయించాం కదా, మళ్లీ ఎందుకు" అని కూడా అడుగుతున్నారు. ఈ వైరస్ రూపం మార్చుకుంటూనే ఉంటుంది, పోయినేటి టీకా బలం కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో, ఏ రకాలకు టీకా తయారుచేయాలో సూచిస్తుంది. (బీ యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా కనిపించలేదు, అందుకే నాలుగు రకాల టీకా బదులు మూడు రకాలది ఇస్తే తక్కువ ఇచ్చారని కంగారు పడకండి.) అంచనా బాగా కుదిరిన ఏడాది డాక్టరు దాకా వెళ్లాల్సిన ఫ్లూ ముప్పు 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. "అంతేనా?" అని పెదవి విరిచేవాళ్లున్నారు. మా అత్తగారి పది రోజులు చూశాక నాకైతే అది తక్కువగా కనిపించడం లేదు.

టీకా వేయించాకే ఫ్లూ వచ్చిందంటారు. ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన వైరస్ లేదా దాని ముక్కలే, దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులు ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ఆలోపు అంటుకుంటే ఆ నింద టీకా మీద పడుతుంది. ముక్కులో కొట్టే స్ప్రే సంగతి వేరు, అందులో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది కాబట్టి గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఇవ్వరు.

గతంలో ఈ టీకాకే తీవ్రమైన అలెర్జీ వచ్చి ఉంటే, లేదా వేయించుకున్న ఆరు వారాల్లో గులియన్ బారే సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ బలహీనపడే జబ్బు) వచ్చి ఉంటే డాక్టరుతో మాట్లాడకుండా వేయించొద్దు. గుడ్డు పడనివాళ్లకు వద్దనేవారు ఒకప్పుడు, ఇప్పుడు చాలామందికి వేస్తున్నారు, అయినా ముందే చెప్పండి. మామూలు జలుబుకు ఆగక్కర్లేదు, గట్టి జ్వరం ఉంటే తగ్గాక వెళ్లండి. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారైతే కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి, రెండోది చాలామంది మరిచిపోతారు. పెద్ద క్లాసుల పిల్లలు సూది పొడిచాక కళ్లు తిరిగి పడిపోవడం కూడా ఉంటుంది (మీసాలొచ్చినవాళ్లే ఎక్కువ!), పావుగంట కూర్చోబెట్టండి.

వేయించినా, వేయించకపోయినా ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. జ్వరం వస్తే మాత్ర వేసి పంపకండి, మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే పంపండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వొద్దు. వచ్చే వారం యూనిట్ టెస్టులని టెన్షన్ పడకండి, రాలేకపోయినవాళ్లకు మళ్లీ పెడతాం. పేపర్లు నేనే దిద్దుతాను, ఈసారి విడిగా కూర్చుని.

మీ హెడ్ మిస్ట్రెస్