కాలేజీల్లో ఇంటర్నెట్ నిబంధనలు పిల్లల చేతికి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

కాలేజీల్లో అడ్మిషన్లు జరుగుతున్నాయి. చేరే పిల్లల చేత, వాళ్ల తల్లిదండ్రుల చేత హామీపత్రాల మీద సంతకాలు పెట్టిస్తున్నారు. ర్యాగింగ్, హాజరు, ఫీజు, డ్రెస్ గురించి వాటిలో వివరంగానే ఉంటోంది. కంప్యూటర్ ల్యాబ్, వైఫై దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంటర్నెట్‌ను దుర్వినియోగం చేస్తే చర్య తప్పదనే అర్థం వచ్చే ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. ఏం చేస్తే తప్పు, తప్పని ఎవరు తేలుస్తారు, ఏం చర్య తీసుకుంటారు? ఈ ప్రశ్నలకు ఆ కాగితంలో జవాబు దొరకదు.

జిల్లా కేంద్రంలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. డిజిటల్ లైబ్రరీ నా చేతి కిందే నడిచింది, కంప్యూటర్ ల్యాబ్ పక్క గదిలోనే ఉండేది. ఆ అనుభవంతో ఒకటే అడుగుతున్నాను. కంప్యూటర్లు, ఇంటర్నెట్ వాడకం మీద ప్రతి కాలేజీ తన నిబంధనలను మామూలు తెలుగులో రాసి, చేరిన రోజే పిల్లల చేతికి ఇవ్వాలి. యూనివర్సిటీలు, ఉన్నత విద్యామండళ్లు దీన్ని తప్పనిసరి చేయాలి.

నిబంధనలు అసలే లేవని నేను అనడం లేదు. కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ తనిఖీ ఉందంటే చాలు, చాలా కాలేజీల్లో ‘ఐటీ పాలసీ’ పేరుతో ఇంగ్లిష్‌లో ఒక ఫైలు తయారవుతుంది. వేరే కాలేజీ వెబ్‌సైట్ నుంచి దించుకున్న పాలసీలో ఆ కాలేజీ పేరు కూడా తీయకుండా వదిలేసిన ఫైళ్లు నేను చూశాను. తనిఖీ అయిపోయాక ఆ ఫైలు బీరువాలోకి చేరుతుంది. విద్యార్థికే కాదు, ల్యాబ్ ఇన్‌చార్జికి కూడా అందులో ఏముందో తెలియదు. ఇక ల్యాబ్‌లో నడిచేది ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ల మాటే. ఒకరు సరేనన్న పనికి మర్నాడు ఇంకొకరు ఐడీ కార్డు లాక్కుంటారు.

దీనివల్ల చదువుకు జరిగే నష్టం చిన్నది కాదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడుపుతున్న ఎన్‌పీటీఈఎల్ పాఠాలు దేశంలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. వాటి వీడియోలు ఉండేది యూట్యూబ్‌లో. పిల్లలు సినిమాలు చూస్తున్నారని యూట్యూబ్ మొత్తాన్ని బ్లాక్ చేస్తే ఆ పాఠాలూ పోతాయి. క్లాసులో లెక్చరర్ చూడమన్న వీడియో ల్యాబ్‌లో తెరుచుకోదు. తెరిపించమని ఎవరిని అడగాలో తెలియదు. దాంతో బ్లాకైన సైట్లను దొడ్డిదారిన తెరిపించే ఉచిత వీపీఎన్ యాప్‌ను పిల్లలు ఫోన్లలో, ల్యాబ్ సిస్టమ్‌లలో వేసుకుంటారు. అలాంటి యాప్‌లలో కొన్ని మన సమాచారాన్ని ఎవరెవరికో చేరవేస్తాయన్న సంగతి వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. వీపీఎన్‌తో దొరికితే మాత్రం శిక్ష ఉంటుంది. పాఠం చూడటానికి వేసుకున్నవాడికీ, పైరసీ సినిమా దించుకోవడానికి వేసుకున్నవాడికీ ఒకటే శిక్ష.

నా పనిలో నన్ను బాగా బాధపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఎన్-లిస్ట్ అనే పథకం నడుపుతోంది. సభ్యత్వం తీసుకున్న కాలేజీల్లో చదివే పిల్లలు వేల సంఖ్యలో పరిశోధన జర్నళ్లు, లక్షకు పైగా ఈ-పుస్తకాలు చదువుకోవచ్చు. మారుమూల ఊరి డిగ్రీ కాలేజీకి కూడా అందే గొప్ప సదుపాయం ఇది. ప్రతి ఒక్కరికీ సొంత యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తారు. దీనికి కొన్ని షరతులున్నాయి. పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వకూడదు. సాఫ్ట్‌వేర్ పెట్టి సంచికలకు సంచికలు ఒకేసారి డౌన్‌లోడ్ చేయకూడదు. అలా చేస్తే ప్రచురణ సంస్థలు అకౌంట్ ఆపేస్తాయి, ఒక్కోసారి మొత్తం సంస్థకే ఆపేస్తాయి. ఈ షరతులు ఇంగ్లిష్‌లో, సన్న అక్షరాల్లో ఉంటాయి. సెలవులకు ఇంటికెళ్తే నెట్ ఉండదని ఒక బీఎస్సీ కుర్రాడు తన ప్రాజెక్టుకు కావలసిన జర్నల్ సంచికలన్నీ ఒక టూల్‌తో దించుకున్నాడు. అకౌంట్ ఆగిపోయింది. కాలేజీ పెద్దలు వాళ్ల నాన్నను పిలిపించి, దొంగతనం చేసినట్టు మాట్లాడారు. పొలం పని వదిలేసి వచ్చిన ఆ మనిషికి తన కొడుకు చేసిన తప్పేమిటో చివరిదాకా అర్థం కాలేదు. చదువు మీద శ్రద్ధ ఉన్న పిల్లవాడు అతను. ఇలా చేయకూడదని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే చేసేవాడే కాదు.

పాస్‌వర్డ్‌ల సంగతి ఇంతకంటే ప్రమాదకరం. చాలా ల్యాబ్‌లలో అన్ని సిస్టమ్‌లకూ ఒకటే లాగిన్ ఉంటుంది, దాని పాస్‌వర్డ్ గోడ మీద రాసి ఉంటుంది. అక్కడి నుంచి ఎవరైనా బెదిరింపు మెయిల్ పంపితే ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే ఐపీ అడ్రస్ అనే నంబరు ద్వారా కాలేజీ దొరుకుతుంది కానీ పంపిన మనిషి దొరకడు. ఆ గంటలో ల్యాబ్‌లో కూర్చున్న పిల్లలంతా అనుమానితులవుతారు. ఇక స్నేహితుడి పాస్‌వర్డ్‌తో సరదాకి అతని అకౌంట్ తెరవడం మన పిల్లలకు ఆటగా ఉంది. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అనుమతి లేకుండా ఒకరి ఆంతరంగిక చిత్రాలు తీసినా, పంపినా 66ఈ ఉంది. అశ్లీల చిత్రాలను ఇంటర్నెట్‌లో పెట్టినా, పంపినా 67వ సెక్షన్ ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఇవి కేసు నమోదైన రోజున కాదు, కాలేజీలో చేరిన రోజున తెలియాలి.

పిల్లల బాధ్యతలు ఎంత స్పష్టంగా రాస్తామో, కాలేజీ బాధ్యతలు కూడా అంతే స్పష్టంగా రాయాలి. సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను, అంటే వాడకం వివరాల రికార్డులను, 180 రోజులు భద్రపరచాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. భద్రత కోసం అది అవసరమే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఏ విద్యార్థి ఏ సైట్ చూశాడో ఆ లాగ్‌లలో నమోదు కావచ్చని పిల్లలకు తెలియాలి కదా? వాటిని ఎవరు చూడొచ్చు, ఎవరి అనుమతితో చూడొచ్చు అన్నది రాసి ఉండాలి కదా? ఒక అమ్మాయి లాగౌట్ చేయడం మరిచిపోయిన మెయిల్‌ను సిబ్బందిలో ఒకరు చదివి, అందులోని సొంత విషయాలను ఇంటికి ఫోన్ చేసి చెప్పిన ఘటన నాకు తెలుసు. ఆ అమ్మాయి చదువు ఆ ఏడాదితోనే ఆగిపోయింది. మెయిల్ చదివినవారిని ఎవరూ ఏమీ అనలేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. కాలేజీ గేటు లోపలా అది హక్కే.

ఆడపిల్లల హాస్టళ్ల గురించి రాయకుండా ఉండలేను. సాయంత్రం కాగానే ఫోన్లు వార్డెన్ దగ్గర పెట్టేయాలనే నియమం చాలా చోట్ల అమ్మాయిలకే ఉంటుంది, అదే కాలేజీ అబ్బాయిల హాస్టల్లో ఉండదు. కేరళలోని కోజికోడ్ జిల్లా చేలన్నూరులో ఒక కాలేజీ హాస్టల్ సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోన్ వాడకూడదని పెట్టిన నియమానికి ఒక విద్యార్థిని ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి పంపేశారు. ఆ అమ్మాయి హైకోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, రాజ్యాంగం 21వ అధికరణం కింద గోప్యత హక్కులోనూ భాగమని జస్టిస్ పి.వి. ఆశ 2019 సెప్టెంబరు 19న తీర్పు ఇచ్చారు. ఆ అమ్మాయిని మళ్లీ హాస్టల్లో చేర్చుకోమన్నారు. ఫోన్ వాడేవాళ్లు తోటివారికి ఇబ్బంది కలగకుండా చూసుకోవాలనీ అన్నారు. ఎంత సమతూకంగా ఉంది ఆ తీర్పు! మన దగ్గర స్కాలర్‌షిప్ దరఖాస్తు, దోస్త్ (తెలంగాణలో డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానం) అడ్మిషన్, ఇంకా ఎన్నో పనులకు ఓటీపీ కావాలి. అది వచ్చే ఫోన్ వార్డెన్ బీరువాలో ఉంటే, గడువు చివరి రోజు రాత్రి ఆ పిల్ల ఎంత టెన్షన్ పడాలి?

తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. బెట్టింగ్ యాప్‌లు, లోన్ యాప్‌లు మన ఇళ్లలో ఎంతమంది పిల్లల్ని మింగాయో చూస్తున్నాం. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినా ఆ బెడద తీరలేదు. కానీ కాలేజీ వైఫై కట్టేస్తే అది ఆగదు, పిల్లల జేబులోనే మొబైల్ డేటా ఉంది. సైబర్ నేరగాళ్లకు తన బ్యాంకు అకౌంట్ అద్దెకిస్తే తానూ నిందితుడవుతాడనీ, డబ్బు పోగానే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలనీ చెప్పే ఒక్క గంట క్లాసు ఆ కట్టడి కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

నేను కోరే నిబంధనల పత్రం రెండు పేజీలకు మించక్కర్లేదు. ల్యాబ్ టైములో గేమ్ ఆడటాన్ని, ఇంకొకరి ఫొటో మార్ఫింగ్ చేయడాన్ని ఒకే గాటన కట్టకూడదు. మొదటిదానికి ఆ రోజు సిస్టమ్ వదిలి వెళ్లమంటే చాలు. రెండోది క్రమశిక్షణ కమిటీకి, అవసరమైతే పోలీసులకు వెళ్లాలి. ఏ శిక్షకైనా ముందు ఆరోపణ కాగితం మీద ఉండాలి, పిల్లవాడి మాట వినాలి, అన్యాయం జరిగిందనుకుంటే ప్రిన్సిపాల్‌కు చెప్పుకునే దారి ఉండాలి. బ్లాకైన సైట్ చదువుకు అవసరమైతే లైబ్రరీలోనో ల్యాబ్‌లోనో రిజిస్టర్‌లో రాస్తే రెండు పనిదినాల్లో జవాబు రావాలి. ఫోన్ స్వాధీనం చేసుకున్నా దాన్ని తెరిచి చూసే అధికారం సిబ్బందికి ఉండకూడదు. అసైన్‌మెంట్లకు చాట్‌జీపీటీ లాంటివి ఎంతవరకు వాడొచ్చో కూడా ఇప్పుడు రాయక తప్పదు. దీని మీద ఒకే కాలేజీలో ముగ్గురు లెక్చరర్లు మూడు రకాలుగా చెబుతున్నారు.

ఎన్ని కంప్యూటర్లున్నాయి, ఎంత బ్యాండ్‌విడ్త్ ఉంది అని అనుమతులిచ్చే సంస్థలు అడుగుతూనే ఉన్నాయి. వాటిని ఏ నియమాల మీద వాడనిస్తున్నారో కూడా అడగాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు విద్యార్థి ప్రతినిధులను, లైబ్రేరియన్లను, ల్యాబ్ సిబ్బందిని కూర్చోబెట్టి ఒక నమూనా పత్రం తయారు చేయించాలి. ఫస్టియర్ తరగతులు మొదలయ్యేలోపు దాన్ని తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ భాషల్లో కాలేజీలకు పంపాలి. పిల్లల సంతకం తీసుకునేటప్పుడు ఒక ప్రతి వాళ్ల దగ్గరే ఉంచాలి.

— ఒక రిటైర్డ్ లైబ్రేరియన్, ఖమ్మం