వార్తలు చూసి చరిత్ర కొంటున్నాం

సంపాదకుడు గారికి,

చరిత్ర పుస్తకం ఎందుకు పట్టుకున్నారని అడిగితే చాలామంది వార్తల పేరే చెబుతారు. ఎక్కడో యుద్ధం మొదలైతే మొదటి ప్రపంచ యుద్ధం, కరోనా వస్తే 1918 ఇన్‌ఫ్లుయెంజా. మంచిదే. కానీ ఎక్కువమంది గెలుపోటముల దగ్గరే ఆగిపోతున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధాన్నే తీసుకోండి. 1914 జూన్ 28న బోస్నియాలోని సరయేవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చి చంపారు. సెర్బియాపై ఆస్ట్రియా-హంగరీ యుద్ధం ప్రకటించింది జులై 28న. నడుమ సరిగ్గా నెల! ఆ నెలలో దేశాల మధ్య నడిచిన టెలిగ్రాములు, సెర్బియాకు ఆస్ట్రియా ఇచ్చిన అల్టిమేటం (గడువు పెట్టిన తుది హెచ్చరిక), నార్వే తీరంలో ఓడ షికారుకు వెళ్లిన జర్మనీ చక్రవర్తి... అసలు టెన్షన్ అంతా అక్కడే ఉంది. ఫిరంగుల మోత అంతా దాని తర్వాతే.

మీ పుస్తక సమీక్షల్లో కథ చెప్పి వదిలేయకుండా, రచయిత ఏ ఆధారాలు చూశారో, చివర్లో పదసూచిక ఉందో లేదో కూడా రాయించండి. అట్ట మీది పొగడ్తలతో మాకు పనిలేదు.

– ఒక పాఠకుడు