ఆ గరగర రిపేరు కాదు

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం సంచికలో సైకెడెలిక్ రాక్ మీద, అంటే గిటార్ శబ్దాన్ని వింతగా మార్చి కలలో ఉన్నట్టు అనిపించే రాక్ సంగీతం మీద, వేసిన వ్యాసం చదివాను. లండన్ ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కో ఉంది, వుడ్‌స్టాక్ ఉంది. మద్రాసు, బొంబాయి, షిల్లాంగ్ ఒక్కటీ లేవు. మన దేశంలో ఆ బాపతు పాటే పుట్టనట్టు రాశారు. నేను హనుమకొండ చౌరస్తాలో 40 ఏళ్లకు పైగా రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసిన మనిషిని. సంగీతం చదువుకోలేదు గానీ ఈ ఒక్క విషయంలో ఊరుకోలేకపోతున్నాను.

1979లో మా మేనమామ దుకాణంలో పని నేర్చుకుంటున్నప్పటి మాట. ఇప్పటి ఎన్ఐటీ, అప్పటి ఆర్ఈసీ హాస్టల్ నుంచి ఒక బెంగళూరు పిల్లగాడు ఎల్పీ పట్టుకొచ్చి, క్యాసెట్‌లోకి ఎక్కించమన్నాడు. ముల్లు పెట్టగానే స్పీకర్ గరగరమంది. లోపలి నుంచి మామ కేక: "ఒరే, స్పీకర్ కోన్ చిరిగింది, ఆపు!" పిల్లగాడు నవ్వాడు. "చిరగలేదన్నా, అది గిటారే." ట్రాన్సిస్టర్ మోయలేనంత సిగ్నల్ పంపితే అల పై అంచు, కింది అంచు కోసేసినట్టవుతాయి. మేం పొద్దంతా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఏ చప్పుడును పోగొడుతున్నామో, వీళ్లు దాన్నే కావాలని తెచ్చుకున్నారు. దాన్ని ఫజ్ అంటారట. మామ మాత్రం చివరిదాకా నమ్మలేదు.

ఆ ఎల్పీ పేరు సిమ్లా బీట్. సిమ్లా అనేది ఒక సిగరెట్. దాని పేరు మీద బ్యాండ్లకు పోటీలు పెట్టేవారు. 1970, 1971 పోటీల్లోని బ్యాండ్ల పాటలతో రెండు ఎల్పీలు వచ్చాయి. మద్రాసు కన్ఫ్యూజన్స్, షిల్లాంగ్ ఫెంటోన్స్ పేర్లు వాటిలోవే. బొంబాయి బ్యాండ్ అటామిక్ ఫారెస్ట్‌ది ఇంకా విచిత్రం. అబ్సెషన్ 77 అని పేరు పెట్టిన వాళ్ల ఆల్బమ్ బయటికొచ్చింది 1981లో. మళ్లీ 2011లో ఒక అమెరికా కంపెనీ అచ్చువేస్తే గానీ మనకు గుర్తురాలేదు.

ఇంగ్లిషులో పాడితే మనవెట్లా అవుతాయని అడగొచ్చు. సరే, కలకత్తా బ్యాండ్ మొహీనేర్ ఘోడాగులి బెంగాలీలోనే పాడింది కదా! 1977లో వాళ్ల మొదటి రికార్డు వచ్చినప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2006లో మన పిల్లలు రింగ్‌టోన్‌గా పెట్టుకున్న హిందీ సినిమా పాట భీగీ భీగీ బాణీ మాత్రం వాళ్లదే.

ఆ రోజు నేను రెండు కాపీలు తీసి, ఒకటి దాచుకున్నాను. తప్పే, ఒప్పుకుంటాను. 1988లో మా వాడకట్టు ఆడవాళ్ల బతుకమ్మ పాటలు రికార్డు చేద్దామంటే ఖాళీ క్యాసెట్ దొరకలేదు. దాని మీదే ఎక్కించేశాను. ఇప్పుడు ఆ క్యాసెట్ వేస్తే, ఉయ్యాలో అంటూ మా అమ్మ గొంతు ఆగగానే పదిపన్నెండు సెకన్లు ఆ గరగర వినిపిస్తుంది. చెరిపినందుకు బాధ ఉంది. అమ్మ గొంతు ఉంది కాబట్టి పూర్తిగా బాధపడలేను కూడా.

ఆర్ఈసీలో పిల్లలే బ్యాండ్లు కట్టి వాయించేవారు. వాళ్ల ఆంప్లిఫయర్లు మా దగ్గరికి రిపేరుకు వచ్చేవి. వాళ్లలో రికార్డు వేసినవాళ్లు నాకు తగల్లేదు. కానీ ఎవరో ఒకరు టేప్ చేసే ఉంటారు. హనుమకొండ, కాజీపేట ఇళ్లల్లో అటకల మీద ఆ క్యాసెట్లు ఉంటే పాత సామాను బండికి వేయకండి. బూజు పట్టినదాన్ని తొందరపడి ప్లేయర్‌లో పెట్టొద్దు, టేపు ప్లేయర్ హెడ్‌కు అంటుకుని తెగుతుంది. లోపలి ప్యాడ్ ఊడిపోయినా భయం లేదు, ఇంకో క్యాసెట్‌ది తీసి వేస్తాను. ఎల్పీలను వేడినీళ్లలో ముంచి పూలకుండీలు చేసినవాళ్లను కూడా చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

ఈ నాలుగు మాటలు అచ్చువేస్తే చాలు. మధ్యాహ్నం మూడు దాటాక దుకాణంలోనే ఉంటాను. డబ్బులు వద్దు. ఇప్పుడు కంప్యూటర్‌లోకే ఎక్కిస్తున్నాను, దేని మీదా చెరపను.

– ఒక రేడియో మెకానిక్, హనుమకొండ