వేట నిషేధం ముగిసేలోపు చిన్న బోట్ల భద్రతా సామగ్రిని పరీక్షించండి: మత్స్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రిగారికి నమస్కారాలు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. ఫైబర్ బోట్లన్నీ ఒడ్డెక్కి ఉండేది అప్పుడే. చిరిగిన వలలు బాగుచేసుకోవడం, ఇంజిన్ విప్పించడం, బోటుకు రంగు వేయించడం ఆ రెండు నెలల్లోనే జరిగిపోతాయి. అదే బోటులో పలక కింద కుక్కి ఉన్న లైఫ్ జాకెట్‌ను మాత్రం ఎవరూ బయటికి తీయరు. దాన్ని తీయించి, నీళ్లలో వేయించి, పనికొస్తుందో లేదో తేల్చే రోజు ఒకటి చేపలు దించే ప్రతి ల్యాండింగ్ సెంటర్‌లో పెట్టించమని అడగడానికే ఈ లేఖ.

కొత్తగా బోటు కొన్నవాళ్ల కోసం ముఖ్యంగా అడుగుతున్నాం. తండ్రితో తెప్ప మీద తిరిగి పెరిగిన కుర్రాడికి కెరటం తెలుసు, గాలి తెలుసు. జాకెట్ మీద ముద్రించే 50, 100, 150 అంకెల సంగతి అతనికి చెప్పినవారు లేరు. బోటుకూ ఇంజిన్‌కూ వలలకూ లక్షలు పోశాక, చేతిలో మిగిలిన దానితో తనిఖీకి చూపించడానికి సరిపోయే చవక సరుకు తెచ్చుకుంటాడు. ఆ తనిఖీ కూడా చాలాచోట్ల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడంతో ముగుస్తుంది.

ఆ అంకెలు న్యూటన్లలో చెప్పే తేలుడు శక్తి. 50 అని ఉంటే అది ఈత వచ్చి, స్పృహలో ఉండి, సాయం దగ్గర్లోనే ఉన్న మనిషికి ఆసరా మాత్రమే. 100 ఉన్నది ఏటి మొగల్లో, ఉప్పుటేరుల్లో, ఒడ్డు కనిపించేంత దూరంలో పనికొస్తుంది. 150 అయితే స్పృహ తప్పిన మనిషిని కూడా ముఖం పైకి ఉండేలా తిప్పేటట్టు తయారుచేస్తారు. ఒడ్డు కనుమరుగయ్యేంత దూరం పోయే బోటుకు కావలసింది ఇదే. 100 న్యూటన్లంటే సుమారు 10 కిలోలు. డెబ్బై కిలోల మనిషికి 10 కిలోలు ఏం సరిపోతాయని బోటులో పనిచేసే కళాసీలు అడుగుతుంటారు. నీళ్లలో మునిగిన ఒంటికి బరువు దాదాపు ఉండదు, జాకెట్ ఎత్తిపట్టాల్సింది తలనూ మెడనూ మాత్రమే. బజారులో దొరికే నారింజ రంగు జాకెట్లలో చాలావాటి మీద అసలు ఏ అంకే ఉండదు. అంకె లేనిదాన్ని జాకెట్‌గా లెక్కించవద్దని శాఖ ఒక్క మాట అంటే చాలు.

కొనేటప్పుడు మంచిదే అయినా రెండు మూడేళ్లలో పాడయ్యేది ఎక్కువ. జాకెట్‌ను తలగడగా వాడతారు, దాని మీద కూర్చుంటారు, దాని మీదే ఐసు పెట్టె పెడతారు. లోపలి ఫోమ్ నలిగి పలచబడుతుంది. పైకి జాకెట్ అలాగే కనబడుతుంది, లేపే శక్తి మాత్రం ఉండదు. ఎండకు రంగు వెలిసిన పట్టీని గోటితో గీరితే పొడి రాలుతుంది. అంటే నూలు చచ్చిపోయింది, గట్టిగా లాగితే తెగుతుంది. డీజిల్ తడిసిన జాకెట్‌లో ముందు పోయేది కుట్టు. బకిల్ నాలుకల్లో ఒకటి విరిగినా కొక్కెం పడినట్టే అనిపించి నీళ్లలో ఊడిపోతుంది.

ఇదంతా కంటితో పట్టుకోవచ్చు. ఫోమ్ సంగతి తేలాలంటే బరువు కట్టాల్సిందే. చేపల వేలం జరిగే ప్రతిచోటా ఇనుప తూకపు రాళ్లు దొరుకుతాయి. 10 కిలోల ఇనుము నీటిలో ఎనిమిదిన్నర కిలోల పైచిలుకు బరువే తూగుతుంది. 100 న్యూటన్ల జాకెట్ దాన్ని సునాయాసంగా మోయాలి. 150 అని రాసి ఉన్న జాకెట్‌కు 10, 5 కలిపి 15 కిలోలు కట్టాలి. సాయంత్రం తొట్టెలోనో జెట్టీ పక్కనో వేసి, మర్నాడు అదే వేళకు చూడాలి. మునిగిపోతే ఆ జాకెట్‌ను అక్కడే కత్తితో కోసి పారేయాలి. లేకపోతే మళ్లీ ఏదో ఒక బోటులోకి చేరుతుంది.

ఆ తర్వాత వేసుకుని చూడటం. బకిళ్లు బిగించాక వెనక నిలబడినవాడు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ చెవుల దాకా రాకూడదు. వస్తే కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేదన్నమాట, లేదా సైజు పెద్దది. ఛాతీలోతు నీళ్లలో మోకాళ్లు ముడుచుకుని తేలినప్పుడు నోటికీ నీటికీ మధ్య జానెడులో సగమైనా ఎడం ఉండాలి. ఈల ఉందా, ఊదితే మోగుతుందా చూడాలి. చీకట్లో ఇరవై అడుగుల నుంచి టార్చి వేస్తే మెరుపు పట్టీ తిరిగి మెరవాలి. రాత్రి వెతికేవారికి ముందు కనబడేది ఆ పట్టీయే.

గాలి నింపుకునే రకం జాకెట్లను చిన్న బోట్లకు సిఫారసు చేయవద్దని మా మాట. గాలాలు, చేప ముళ్లు, వల అంచులు వాటిని చిల్లులు చేస్తాయి. ఒకసారి తెరుచుకుంటే గ్యాసు సిలిండరు మార్చాలి, అది ఊళ్లో దొరకదు. కానీ మంచి ఫోమ్ జాకెట్‌కూ ఒక ఇబ్బంది ఉంది: దళసరిగా ఉంటుంది, వల లాగేటప్పుడు బకిళ్లు వల కన్నుల్లో తగులుకుంటాయి, ఉక్కపోస్తుంది. అందుకే వేసుకోరు. దీన్ని నిర్లక్ష్యమని కొట్టేస్తే పని జరగదు. వల లాగడానికి ముందు భాగం నున్నగా, జిప్పుతో ఉండే పలచని వేట జాకెట్, రాత్రికీ దూరానికీ 150 ఉన్నది, ఇలా రెండు రకాలూ భద్రతా కిట్‌లో ఉండాలి. ఒడ్డు దగ్గర కెరటాలు దాటేటప్పుడు, తిరిగి వచ్చి ఒడ్డుకు కొట్టేటప్పుడు మాత్రం ఏదో ఒకటి ఒంటి మీద ఉండి తీరాలి. బోటు తిరగబడే ప్రమాదం అక్కడే ఎక్కువ. తిరగబడ్డాక పలక కింద ఉన్న జాకెట్ ఎవరి చేతికీ అందదు.

ఇక ఆపదలో సాయం కోరుతూ వెలిగించే ఫ్లేర్ల గురించి ప్రత్యేకంగా ఒక మాట, ఎందుకంటే ఇందులో సరిదిద్దాల్సింది శాఖే. ఎర్ర మంట ఫ్లేరు దాదాపు నిమిషం మండుతుంది. నారింజ పొగ డబ్బా మూడు నిమిషాలు, పగటికి. పారాచూట్ రాకెట్ సుమారు 300 మీటర్లు లేచి 40 సెకన్లు వెలుగుతుంది. వీటన్నిటికీ గడువు సాధారణంగా తయారీ నుంచి మూడేళ్లే. టెండరు పిలిచి, సరుకు దిగి, గోదాములో ఉండి, సభ పెట్టి పంచేసరికి అందులో ఏడాది కరిగిపోతుంది. మత్స్యకారుడి చేతికి వచ్చేనాటికి కనీసం 30 నెలల గడువు మిగిలి ఉండాలని కొనుగోలు షరతుల్లో రాయించండి. గడువు తీరినవి ఎక్కడ అప్పగించాలో కూడా ఎవరికీ తెలియదు. పేలుడు సరుకు కాబట్టి ఇళ్లల్లో అటకెక్కిస్తే ప్రమాదం, ఇసుకలో పాతిపెడితే ఇంకా ప్రమాదం. మెరైన్ పోలీస్ స్టేషన్లలో తీసుకునే ఏర్పాటు చేయండి. వాడే తీరునూ చేతిలో పెట్టి నేర్పాలి: గాలి పోయే వైపున చేయి బోటు బయటికి చాచి పట్టుకోవాలి, పెట్రోలు డబ్బా ఉన్న వైపు కాదు. దూరాన దీపం కనబడ్డాకే వెలిగించాలి. హెలికాప్టర్ నెత్తి మీదికి వచ్చాక రాకెట్ వదలకూడదు.

బోటు వెనక బయటికి తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్లకు ఒక ఎర్ర తాడు వస్తుంది. ఒక కొస ఇంజిన్ స్విచ్‌కు, రెండో కొస బోటు నడిపే సరంగు మణికట్టుకు. సరంగు పడిపోతే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. చాలా బోట్లలో దాన్ని ఇంజిన్‌కే శాశ్వతంగా చుట్టేసి ఉంచుతారు. అలాంటప్పుడు సరంగు నీళ్లలో పడితే బోటు గుండ్రంగా తిరిగి ఇంజిన్ పంకా అతని మీదికే వస్తుంది. రోజూ బయల్దేరే ముందు తాడు ఒకసారి లాగి చూడాలి. ఇంజిన్ ఆగకపోతే స్విచ్‌లో ఉప్పు పట్టిందన్నమాట. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష మీ తనిఖీ పత్రంలో మొదటి వరుసలో ఉండాలి.

మంటలార్పే సిలిండరు 2 కిలోల ఏబీసీ పౌడర్‌ది (కలప, ఇంధనం వంటి పలు రకాల మంటలకు పనికొచ్చే పొడి) చాలు. సుమారు పది సెకన్లలో ఖాళీ అయిపోతుంది కాబట్టి తడబడే వ్యవధి ఉండదు. దాన్ని ఇంజిన్ పక్కన తగిలించకూడదు, మంట దాటి వెళ్లి తెచ్చుకోవాల్సి వస్తుంది. పీడనం చూపే ముల్లు ఆకుపచ్చలో ఉన్నా లోపలి పొడి ఇంజిన్ అదురుకు అడుగున గట్టిపడుతుంది. నెలకోసారి తలకిందులు చేసి ఊపితే పొడి జారిన చప్పుడు వినిపించాలి.

బోటు కొనేటప్పుడే చూడాల్సినది ఇంకొకటి. ఫైబర్‌కు తనంతట తేలే గుణం లేదు. నీళ్లు నిండినా బోటు మునగకుండా ఆపేవి పలకల కింద మూసిన గదులు, వాటిలోని ఫోమ్. దీపస్తంభానికో వల రోలరుకో పలకలో రంధ్రం వేసి సీలు చేయకపోతే నీళ్లు ఆ గదుల్లోకి చేరతాయి. బోటు బరువెక్కిందని, ఇంజిన్ లాగడం లేదని అనుకుంటారే గాని గది నిండిందని తట్టదు. ప్రతి గదికీ మర బిరడా పెట్టమని తయారీదారుకు ముందే చెప్పాలి. ఒడ్డున బోటు వాల్చి బిరడా విప్పితే లోపల ఎంత నీరుందో తేలిపోతుంది. రాయితీ ఇచ్చే బోట్లకైనా ఈ బిరడాలు తప్పనిసరి చేయండి.

నీళ్లలో పడినవారికి విసిరే లైఫ్ బోయ్ రింగు కనీసం రెండున్నర కిలోలు తూగాలి. అంతకంటే తేలికైనదంటే లోపల ఉన్నది చవక థర్మోకోల్ అని అనుమానించాల్సిందే. దానికి 30 మీటర్ల తేలే తాడు కట్టాలి. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది, నైలాన్ మునిగి పంకాకు చుట్టుకుంటుంది. ఇంజిన్ చెడి బోటు కొట్టుకుపోతున్నప్పుడు లోతైన చోట లంగరు అందదు. టార్పాలిన్‌తో గరాటులా కుట్టించిన నీటి లంగరును ముక్కు నుంచి వదిలితే బోటు కెరటానికి ఎదురు నిలబడుతుంది, కొట్టుకుపోవడమూ తగ్గుతుంది. దర్జీ ఒక పూటలో కుట్టేస్తాడు. ఫైబర్ బోటు ఓడల రాడార్‌కు సరిగా చిక్కదు, కాబట్టి స్తంభం మీద అల్యూమినియం రాడార్ రిఫ్లెక్టర్ ఉండాలి.

బోట్లకు లక్ష ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా బిగించే కేంద్ర పథకాన్ని ప్రధాని 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రారంభించారు. సెల్‌ఫోన్ సిగ్నల్ అందని చోట ఉపగ్రహం ద్వారా సందేశం అటూ ఇటూ పంపే పరికరమిది. బిగించాక బ్యాటరీ టెర్మినళ్లకు తుప్పు పడితే అది చచ్చినట్టే. అందుకే నిషేధ కాలంలో దాన్ని వెలిగించి చూడాలి. కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093 అంకెలు స్టీరింగ్ దగ్గర రంగుతో రాయించాలి. ఫోను తడిసినప్పుడు పక్కవాడి ఫోనులో మన నంబర్లు ఉండవు.

ఈ పనికి కొత్త శాఖ అక్కర్లేదు. తీర గ్రామాల్లో మత్స్యకారులకు సాయపడే సాగరమిత్రలు ఉన్నారు, సచివాలయాల్లో మత్స్య సహాయకులు ఉన్నారు. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, విశాఖలోని సిఫ్‌నెట్ (మత్స్య, నావిక శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ) కేంద్రం వీరికి రెండు రోజుల శిక్షణ ఇవ్వగలవు. ఒక్కో ల్యాండింగ్ సెంటర్‌కు రెండు తొట్లు, తూకపు రాళ్లు, తనిఖీ పత్రం, కోత కత్తి సమకూరిస్తే పని మొదలవుతుంది. పరీక్షలో పోయిన సామాను చూసి జరిమానా వేయవద్దు. వేస్తే వచ్చే ఏడాది ఎవరూ జాకెట్ బయటికి తీయరు. దాని బదులు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఉన్న 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఉన్న 60 శాతం రాయితీని పోయిన వస్తువు మార్చుకోవడానికి కూడా వర్తింపజేయండి. ఏడుగురు ఎక్కే బోటుకు ఐదుగురి కిట్ ఇచ్చే పద్ధతి ఆపి, లైసెన్సులో రాసిన మనుషుల సంఖ్యకు ఒకటి ఎక్కువగా జాకెట్లు ఇప్పించండి.

2017లో కృష్ణా మీద పవిత్ర సంగమం, 2019లో గోదావరి మీద కచ్చులూరు బోటు ప్రమాదాల తర్వాత నదుల మీద పర్యాటక బోట్లకు కంట్రోల్ రూములు వచ్చాయి. సముద్రంలో ఒక్కో ఫైబర్ బోటు నుంచి ఒకరూ ఇద్దరూ పోతే అది జిల్లా పేజీలో చిన్న వార్త. ఆ ఇళ్లకూ అంతే శ్రద్ధ దక్కాలని కోరుతున్నాం. మార్చి నెలాఖరులోగా పరీక్ష తేదీలను ప్రకటిస్తే బోట్లు ఒడ్డెక్కిన మొదటి వారంలోనే జాకెట్లు తొట్లలో పడతాయి. పోయినవాటి స్థానంలో కొత్తవి తెప్పించడానికి జూన్ 14 దాకా ఏడెనిమిది వారాలు దొరుకుతాయి.

ఇట్లు,
ఉత్తరాంధ్ర తీరంలోని కొందరు ఫైబర్ బోట్ల యజమానులు, సరంగులు, ఇంజిన్ మెకానిక్కులు