సైకిల్ తొక్కేటోనిది ఏ పార్టీ?

దోస్తూ,

ఉత్తరం అందింది. క్లాక్ టవర్ కాడ చాయ్ తాగుకుంట, సైకిల్ తొక్కేటోళ్లది ఏ పార్టీ అని ఒకనితోని మళ్ల లొల్లి పెట్టుకున్నవన్నట్టు. "సైకిల్ పిచ్చోళ్లందరు ఎర్రజెండా బాపతే" అని వాడు, "కాదు, కడుపు నిండినోళ్ల షోకు అది" అని నువ్వు. ఎవరు గెలిచిన్రో రాయలేదు. నన్నడిగితే ఇద్దరు ఓడిన్రు. వాడు ఒక సైకిల్ గురించి మాట్లాడిండు, నువ్వు ఇంకో సైకిల్ గురించి మాట్లాడినవు.

ముందుగాల గుర్తు సంగతి తీసి పక్కన పెడదాం. మన దిక్కు "సైకిల్" అనంగనే సగం మందికి తెలుగుదేశమే యాదికొస్తది. 1985ల ఎన్టీఆర్ మూడు చోట్ల నిలబడి మూడు గెలిచిండు, అండ్ల నల్లగొండ ఒకటి. 1989ల అదే మనిషి, అదే గుర్తు, కల్వకుర్తిల కాంగ్రెస్ చేతిల ఓడిపోయిండు. నల్లగొండల సైకిళ్లెక్కువ, కల్వకుర్తిల తక్కువ అని కాదు గద. తొక్కే సైకిల్ వేరు, ఓటు గుద్దే సైకిల్ వేరు.

వాడన్న ఎర్రజెండా మాట మాత్రం ఉత్తగ కొట్టిపారేసేది కాదు. 1894ల ఇంగ్లండుల, బర్మింగ్‌హామ్‌ల క్లేరియన్ సైకిల్ క్లబ్బు పుట్టింది. క్లేరియన్ అనేది సోషలిస్టుల పత్రిక. ఆదివారం సైకిళ్లేసుకొని ఊళ్లల్లకు పోవుడు, పత్రిక పంచుడు, మీటింగు పెట్టుడు, ఇదే వాళ్ల పని. 1896ల జర్మనీల కార్మికులు "సాలిడారిటీ" అని ఇంకో సంఘం పెట్టుకున్నరు, 1933ల నాజీలొచ్చి దాన్ని మూసేసిన్రు. ఎందుకు ఎర్రజెండోళ్లే పట్టుకున్నరంటే, గుర్రం కొనే తాకతు లేనోనికి సొంత బండి అప్పుడే మొదలు దొరికింది. మేత వద్దు, టికెట్ వద్దు, ఊరూరు తిరగొచ్చు. మన నల్లగొండల పార్టీ కార్యకర్తలు హ్యాండిల్‌కు జెండా కట్టుకొని తిరిగిన కాలానికి కూడ కారణం అదే. సైకిల్ వాళ్లను కమ్యూనిస్టులను చెయ్యలేదు. వాళ్ల కాడున్న పైసలకు సైకిలే వచ్చింది.

అదే కాలంల ఫ్రాన్సుల కథ ఉల్టా నడిచింది. అక్కడ "ల వెలో" అని ఆకుపచ్చ కాయితం మీద అచ్చయ్యే ఆటల పత్రిక ఉండె. దాని సంపాదకుడు పియెర్ జిఫార్, డ్రేఫస్ అనే యూదు సైనికాధికారిని గూఢచారి అని తప్పుడు కేసుల ఇరికిస్తే, ఆయన దిక్కు నిలబడ్డడు. అడ్వర్టయిజ్‌మెంట్లిచ్చే ద దియోన్ లాంటి ఫ్యాక్టరీ యజమానులకు అది నచ్చలే. 1900ల వాళ్లే పసుపు కాయితం మీద పోటీ పత్రిక పెట్టిచ్చిన్రు. అది సరిగ్గ అమ్ముడు పోకుంటే, అమ్మకం పెంచేతందుకు 1903ల మొదలుపెట్టిన పందెమే టూర్ ద ఫ్రాన్స్. ముందున్నోడు తొడిగే పసుపు అంగీ ఆ కాయితం రంగే. ఆ పందెం పుట్టుకల పెట్టుబడి ఎవరిదో చూసినవా?

లండన్ల కిరాయి సైకిళ్లను లేబర్ మేయర్ లివింగ్‌స్టన్ తలపెడితే, 2010ల చాలు చేసింది కన్జర్వేటివ్ బోరిస్ జాన్సన్. జనం మాత్రం "బోరిస్ బైకులు" అన్నరు. నెదర్లాండ్స్‌ల ప్రధానమంత్రిగ ఉన్నప్పుడు మార్క్ రుట్టె కూడ ఆఫీసుకు సైకిల్ మీద పోయేటోడు, మరి ఆయనది కుడి దిక్కు పార్టీ. మన దేశంల బీహార్‌ల తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోమని రెండు వేలిచ్చింది నితీశ్. తమిళనాడుల జయలలిత ఇచ్చింది, బెంగాల్‌ల మమత ఇచ్చింది. నాకు నవ్వొచ్చేది ఏందంటే, హైదరాబాద్ రింగు రోడ్డు పొంటి సోలార్ కప్పేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు 2023ల తెరిచింది కారు గుర్తు సర్కారు.

ఇగ నీ షోకు మాట. రెండు రకాల సైకిళ్లున్నయి. ఒకటి 22 అంగుళాల నల్ల సైకిల్, 28 ఇంటు ఒకటిన్నర టైరు, గట్టి క్యారియర్, పెద్ద స్టాండు. పాలక్యాన్లు, కల్లు కుండలు, గడ్డిమోపు అన్ని దాని మీదనే. దాన్ని తొక్కేటోడు బండి కొనే రోజు కోసం చూస్తుంటడు. రెండోది గేరు సైకిల్, హెల్మెటు, చేతులకు గ్లౌజులు. వాని ఇంట్ల బండి ఉంది, కారు కూడ ఉండొచ్చు. ఆదివారం పొద్దుగాల పానగల్ చెరువు దిక్కో, మహబూబ్‌నగర్‌ల పిల్లలమర్రి దిక్కో పోయేది వీడే. ఇద్దరి ఓటు ఒక్క తీరుగుండాల్నని ఎట్ల అనుకుంటవు? ఒకని ఓటును కూలీ రేటు, పింఛను, రేషను నడిపిస్తయి. ఇంకొకని ఓటును ప్లాటు రేటు, ఇన్‌కమ్ టాక్సు, పిల్లల చదువు నడిపిస్తయి.

నమ్మకుంటే లెక్క తియ్యి. ఎట్లనో రాస్తున్న, కానీ తొందరపడకు.

మూడు చోట్లు, మూడు పొద్దులు పెట్టుకో. ఆదివారం పొద్దుగాల అయిదున్నర నుంచి ఏడు దాంక గేరు సైకిళ్లు. మామూలు రోజు ఏడు నుంచి ఎనిమిదిన్నర దాంక లేబర్ అడ్డా, కూరగాయల మార్కెట్టు. సాయంత్రం నాలుగున్నరకు బడి కాడ టీచర్లు, పిల్లలను తోలుకపోయే తల్లిదండ్రులు. చోటుకు 50 మంది. దొరికినోన్నల్లా పట్టుకోకు, ప్రతి మూడో మనిషిని ఆపు, లేకుంటే నీకు ముచ్చట చెప్పేటోళ్లే లెక్కకొస్తరు. సైకిల్ రకం, వయసు, పని, ఎందుకు తొక్కుతున్నడు, ఈ నాలుగు ముందు రాసుకో. పార్టీ ఆఖరుకు.

పార్టీని నోటితోని అడిగితే పాడైతది. నలుగురున్న కాడ మొదటోడు ఏమంటే మిగిలినోళ్లు అదే అంటరు. ఒక్కడే ఉన్నా, పింఛను పోతదేమోనని అధికారంల ఉన్న పార్టీ పేరే చెప్తడు. చీటీ ఇయ్యి, టిక్కు పెట్టి మడిచి డబ్బాల ఎయ్యమను. చీటీకి చోటుకొక రంగు పెట్టు, దాని మీద సైకిల్ రకం, వయసు, పని రాయి, పేరు వద్దు. చదువు రానోళ్లకు గుర్తులు అచ్చెయ్యి. గుర్తులల్ల సైకిల్ బొమ్మ ఉంటది గాబట్టి "ఇది సైకిళ్ల మీద సర్వే" అని నోరు జారకు, తెలుగుదేశపోళ్లు వచ్చిన్రనుకుంటరు. "ఊళ్లె రోడ్ల గురించి అడుగుతున్నం" అను, అది అబద్ధం కూడ కాదు.

అందరు మరిచిపోయేది ఇంకోటుంది. అదే చోట్ల, అదే యాళ్లకు, బండి మీద వచ్చిన 150 మందిని కూడ అడుగు. సైకిలోళ్లల్ల నూటికి నలభై మంది ఒక పార్టీ అన్నరనుకో. బండోళ్లల్ల కూడ నలభయ్యే ఉంటే, అది ఊరి గాలి, సైకిల్ మహిమ కాదు. 150 మందికి ఎనిమిది శాతం అటిటు తప్పు ఉంటది, చోటుకొక్క 50 విడగొడితే పద్నాలుగు. సైకిలోళ్లను బండోళ్లతోని పోల్చేటప్పుడు ఇంకా ఎక్కువ, 150కి 150 అయితే పదకొండు దాంక. గంత తేడా లేకుండ "కనిపెట్టినం" అని చాయ్ హోటల్ల చెప్పకు. ఆదివారం క్లబ్బోళ్లనే అడిగితే డాక్టర్లు, లెక్చరర్లు, వ్యాపారుల ఓట్లు తెలుస్తయి, సైకిలోళ్లవి కావు. అదే వయసు, అదే పని ఉండి సైకిల్ తొక్కనోనితోని పోల్చి చూడు, తేడా చాన మట్టుకు కరిగిపోతది.

కరగనిది ఒకటి మాత్రం ఉంటది. చీటీల ఇంకో ప్రశ్న పెట్టు: "రోడ్డు మీద నీకేం కావాలె?" హైవే మీద తెల్ల గీత అవుతల జాగా. అండ్లనే ఇసుక, అండ్లనే సీసా పెంకులు, ఎదురుంగ రాంగ్ రూట్ల వచ్చే బండ్లు. లారీ హారన్ కొడితే సైకిలోడు మట్టిలకు దిగుతడు, అక్కడ పల్లేరు కాయలు. ట్యూబు మార్చినా, టైరు లోపట ముల్లు మొన విరిగి ఉండిపోతది, కొత్త ట్యూబు గూడ పది నిమిషాలకు పోతది. అందుకే గుడ్డతోని టైరు లోపల చుట్టు తుడవాలె, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే ముల్లు అక్కడుంటది. మోరీ మీద జాలీ చువ్వలు చక్రం పోయే దిక్కే ఉంటే గేరు సైకిల్ సన్న టైరు అండ్ల పడ్తది, అడ్డంగ ఉంటే పడదు. ఈ ముచ్చటల పాలోడు, డాక్టరు ఒక్కటే మాట చెప్తరు. గాని కార్పొరేటరు కాడికి ఇద్దరు కలిసి పోరు. ఒకడు ఆరింటికే పాలు పోసి ఇంటికి పోతడు, ఇంకొకడు ఆరింటికి ఇంట్లకెళ్లి బయల్దేరుతడు.

రంగు చీటీలు మూడు వందలు అచ్చేపిస్తే సరిపోదు, మూడు వందల యాభై చెయ్యి, కొన్ని ఉత్తగనే పోతయి. డబ్బా విప్పకుంట నాకు పంపు, నువ్వు విప్పితే నీ దిక్కే లెక్కిస్తవు.

నీ దోస్తు